రాత్రి చల్లబడితేనే గడ్డ ఊరుతుంది

మన హాస్టల్లో ఉన్నవాళ్ళకూ, ఉండి వెళ్ళినవాళ్ళకూ ఆలుగడ్డ కూరను పరిచయం చేయనక్కర్లేదు. వంకాయ దొరకని రోజులున్నాయి. బీరకాయ ధర పెరిగి మెస్సు గడప తొక్కని నెలలున్నాయి. ఆలుగడ్డ మాత్రం జూన్‌లో బడి తెరిచిన రోజు నుంచి ఏప్రిల్‌లో పరీక్షలు రాసి పెట్టె సర్దుకునే రోజు దాకా మన పళ్ళెంలో ఉంటుంది. పులుసులో ముక్క దొరికిందా లేదా అన్నది వేరే సంగతి. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా మేము తిన్నది ఈ మెస్సులోనే కాబట్టి ఈ మాట అనే హక్కు మాకుంది.

అయితే ఇదే ఆలుగడ్డ మా ఊరి చేలల్లో ఏడాదికి మూడున్నర నెలలే కనిపిస్తుంది. మా ఊరు జహీరాబాద్‌కు దగ్గర. అక్టోబరులో వేస్తారు, ఫిబ్రవరి లోపల తవ్వుతారు. మార్చి వచ్చేసరికి చేనులో ఒక్క ఆకు ఉండదు. నీళ్ళు పుష్కలంగా ఉన్న బోరు కింద కూడా ఎండాకాలంలో ఎవరూ వేయరు. టమాట వేస్తారు, మిరప వేస్తారు. ఈ రెండూ ఆలుగడ్డకు దాయాదులే, ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. మరి ఆలుగడ్డకే ఈ పట్టింపు ఎందుకు? చిన్నప్పుడు అడిగితే "అది చలిపంట బిడ్డా" అనేవారు. ఆ మాట నిజమే. కానీ చలి అంటే ఏ పూట చలి, ఎంత చలి, ఎందుకు కావాలి అన్నది ఎమ్మెస్సీ వృక్షశాస్త్రంలో చేరాక గానీ మాకు బోధపడలేదు. మా ఇంట్లో డిగ్రీ గడప దాటిన మొదటివాళ్ళం మేమే. ఆ చదువుతో ఇంట్లో ఏనాడో జరిగిన ఒక నష్టం కూడా అర్థమైంది. ఆ రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నాం.

ముందుగా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆలుగడ్డ మట్టిలో దొరికినా అది వేరు కాదు, కాండం. గడ్డ మీద కనిపించే కళ్ళు మొగ్గలు. అందుకే కన్ను ఉన్న ముక్కను పాతితే మొక్క వస్తుంది. మొక్క ఎదిగేటప్పుడు మట్టిలోపల కాండం నుంచి సన్నని తీగల్లాంటివి అడ్డంగా సాగుతాయి. వాటి కొసలు ఉబ్బితే గడ్డలవుతాయి. ఉబ్బకపోతే ఆ తీగలు అలాగే సాగి, ఒక్కోసారి మట్టి పైకి వచ్చి ఆకులు కూడా వేస్తాయి. అంటే ప్రతి తీగ కొస దగ్గర మొక్క ఒక నిర్ణయం తీసుకోవాలి. ఇంకా పెరగాలా, లేక ఆగి దాచుకోవాలా?

ఆ నిర్ణయం మట్టిలో జరగదు, ఆకులో జరుగుతుంది. ఆకు పగటి పొడవును, వేడిని గమనించి కిందికి ఒక సంకేతం పంపుతుంది. ఆ సంకేతాన్ని మోసే ప్రోటీన్ ఏదో 2011లో శాస్త్రవేత్తలు గుర్తించారు. వేడి ఎక్కువైతే ఆ ప్రోటీన్ తయారీ తగ్గిపోతుంది. సంకేతం అందక కొసలు ఉబ్బవు. ఇందులో రాత్రి వేడిదే పెద్ద పాత్ర. పగలు 25 డిగ్రీలున్నా, ఇంకాస్త ఎక్కువున్నా మొక్క ఓర్చుకుంటుంది. రాత్రి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే గడ్డ బాగా ఊరుతుంది. రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత 20 దాటితే చాలా రకాల్లో ఊరడం బాగా తగ్గిపోతుంది.

ఇంకొక కారణం లెక్కల మాస్టారు చెప్పినట్టు సులువుగా చెప్పుకోవచ్చు. ఆకు పగలంతా ఎండలో చక్కెర సంపాదిస్తుంది. మొక్క పగలూ రాత్రీ శ్వాసిస్తూ ఆ సంపాదనలో కొంత ఖర్చు పెడుతుంది. వేడి పెరిగితే ఈ ఖర్చు పెరుగుతుంది. రాత్రి సంపాదన లేదు, ఖర్చే. రాత్రి వెచ్చగా ఉంటే పగటి కూలి తెల్లారేసరికి చాలావరకు అయిపోతుంది. మిగిలింది ఏదైనా ఉంటేనే గడ్డలో పిండిగా మారుతుంది. మన ఇళ్ళల్లో ఈ లెక్క ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆలుగడ్డకు ఈ స్వభావం పుట్టింటి నుంచి వచ్చింది. దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాల మీద, ఇప్పటి పెరూ, బొలీవియా దేశాల ప్రాంతంలో అక్కడి ఆదివాసులు వేల ఏళ్ళ కిందట దీన్ని సాగులోకి తెచ్చారు. అక్కడి టిటికాకా సరస్సు సముద్రమట్టానికి దాదాపు 3,800 మీటర్ల ఎత్తున ఉంది. పటం తీసి చూస్తే అది భూమధ్యరేఖకు మనంత దగ్గరే. అయినా అక్కడ చలి. ఎందుకంటే 1,000 మీటర్లు పైకి పోతే గాలి సుమారు 6 డిగ్రీలు చల్లబడుతుంది. అక్కడివాళ్ళు ఆ చలినే పనిముట్టుగా వాడుకున్నారు. గడ్డలను రాత్రి మంచులో ఆరుబయట పరిచి గడ్డకట్టనిచ్చి, పగలు కాళ్ళతో తొక్కి నీరు పిండి, ఎండబెట్టి "చూన్యో" అనే ఎండుగడ్డ చేస్తారు. అది ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది. కరెంటు లేని కోల్డ్ స్టోరేజీ అన్నమాట.

పగటి పొడవు సంగతి కూడా అక్కడిదే. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి అక్కడ ఏడాదంతా పగలు ఇంచుమించు 12 గంటలే. ఆ అలవాటున్న మొక్కను 16వ శతాబ్దంలో యూరప్‌కు తీసుకుపోతే, అక్కడి వేసవి పగలు 16 గంటలు ఉండేసరికి అది ఆకులు వేస్తూ కూర్చుంది. పగలు కురచైన తర్వాత గానీ గడ్డ పట్టలేదు. పట్టేసరికి చలికాలం వచ్చి మంచు కొట్టేసేది. పొడుగు పగటిలోనూ ముందుగా ఊరే మొక్కలను ఏరి ఏరి పెంచుకోవడానికి వాళ్ళకు చాలా కాలం పట్టింది.

అలా కుదురుకున్న పంట ఐర్లండ్ పేదలకు ఒక్కటే తిండి అయింది. ఆలుగడ్డకు చల్లదనం కావాలి కానీ, చల్లదనానికి తోడు మబ్బు, ముసురు, ఆకు మీద ఆరని తడి కలిస్తే ఆకుమాడు తెగులు వస్తుంది. 1845లో ఐర్లండ్‌లో అదే జరిగింది. చేలకు చేలు నల్లబడి కుళ్ళిపోయాయి. ఆ తర్వాతి కొన్నేళ్ళలో సుమారు 10 లక్షల మంది చనిపోయారు, అంతకు తక్కువ కాకుండా దేశం విడిచిపోయారు. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది చిన్న కౌలుదార్లు, కూలీలు. అదే సమయంలో ఆ దేశం నుంచి ధాన్యం ఓడల్లో ఇంగ్లండుకు పోతూనే ఉంది. తెగులు తెచ్చింది వాతావరణమే. ఆకలి తెచ్చింది మాత్రం వాతావరణం ఒక్కటే కాదు.

ఇక మన దేశం సంగతి. ఆలుగడ్డ పోర్చుగీసుల ద్వారా 17వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిందంటారు. కోస్తా మిత్రులు దీన్ని బంగాళాదుంప అంటారు, చిత్తూరు వైపువాళ్ళు ఉర్లగడ్డ అంటారు, మేము ఆలుగడ్డ అంటాం. పేరు ఏదైనా మన దేశంలో పండేదాంట్లో చాలా భాగం గంగా మైదానంలోనిదే. ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్, బీహార్ ముందున్నాయి. అక్కడ అక్టోబరు, నవంబరుల్లో వేసి జనవరి నుంచి మార్చి లోపల తీస్తారు. యూరప్‌లో ఇది వేసవి పంట, మన మైదానాల్లో చలికాలం పంట. సిమ్లా కొండల్లో మళ్ళీ వేసవి పంటే. నీలగిరుల్లో ఎత్తు వల్ల ఏడాదిలో ఒకటికి మించి పంటలు తీస్తారు. ఒకే మొక్క, ఒకే కోరిక. చల్లని రాత్రి ఎక్కడ ఏ నెలలో దొరికితే ఆ నెలే దాని కాలం.

మన దేశంలో ఆలుగడ్డ మీద పనిచేసే కేంద్ర పరిశోధనా సంస్థ 1949లో పాట్నాలో మొదలై తర్వాత సిమ్లాకు మారింది. కుఫ్రీ జ్యోతి, కుఫ్రీ చంద్రముఖి, కుఫ్రీ పుఖ్రాజ్ అని రకాల పేర్లు వినే ఉంటారు. కుఫ్రీ అంటే సిమ్లా దగ్గరి ఒక కొండ ఊరు. కొత్త రకం కోసం సంకరం చేయాలంటే పూలు కావాలి. మైదానంలోని పొట్టి పగటిలో ఆలుగడ్డ సరిగా పూయదు, కుఫ్రీలోని పొడుగు వేసవి పగటిలో పూస్తుంది. అందుకే రకాలు అక్కడ పుట్టాయి, ఊరి పేరు తగిలించుకున్నాయి.

విత్తనానికి కూడా వాతావరణమే హద్దు గీసింది. ఆలుగడ్డకు విత్తనమంటే గడ్డే. వైరస్ తెగుళ్ళు గడ్డ ద్వారా మరుసటి ఏటికి పోతాయి. ఆ వైరస్‌లను చేను చేనుకూ మోసేది పేనుబంక. ఉత్తర మైదానాల్లో చలి మొదలయ్యాక కొన్ని వారాలు పేనుబంక చాలా తక్కువగా ఉంటుందని డాక్టర్ పుష్కర్‌నాథ్ వంటి శాస్త్రవేత్తలు గమనించారు. ఆ వారాల్లోనే విత్తనపు పంటను పెంచి, పేనుబంక పెరిగేలోపు మొక్క పై భాగాన్ని కోసేసి, గడ్డలను మట్టిలో ముదరనిచ్చే పద్ధతి పెట్టారు. అప్పటిదాకా కొండల మీది విత్తనం కోసం ఎదురుచూసిన మైదానాలు తమ విత్తనం తామే చేసుకోగలిగాయి. మన దక్కనులో అంత శుభ్రమైన చలి వారాలు లేవు. అందుకే మా ఊరికి విత్తనం ప్రతి ఏడూ ఆగ్రా వైపు నుంచి లారీల్లో రావాల్సిందే. ఈ లారీ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

మన తెలుగు నేల మీద ఆలుగడ్డ ఎక్కడెక్కడ పండుతుందో చూస్తే లెక్క స్పష్టంగా కనిపిస్తుంది. తెలంగాణలో జహీరాబాద్, కోహీర్ వైపు. ఆంధ్రలో పలమనేరు, మదనపల్లె, కుప్పం వైపు. ఇవన్నీ సముద్రమట్టానికి 600 మీటర్లు దాటిన ఎత్తున, సముద్రానికి దూరంగా ఉన్నాయి. చలికాలంలో ఆకాశం తేటగా ఉంటే రాత్రి నేల వేడి త్వరగా పైకి పోయి ఇక్కడ బాగా చల్లబడుతుంది. అదే విజయవాడ తీసుకోండి. నల్లరేగడి, కాలువ నీళ్ళు, కష్టపడే రైతు, అన్నీ ఉన్నాయి. కానీ సముద్రపు గాలి తేమ వల్ల జనవరి రాత్రి కూడా సగటున 18, 19 డిగ్రీల కిందికి దిగడం కష్టం. నవంబరు రాత్రులు 20 పైనే. అక్కడ ఆలుగడ్డకు సరిపడా చల్లని వారాలు దొరకవు. నేల గొప్పదనం గురించి మాలో మేము ఎంత వాదించుకున్నా ఈ విషయంలో మా ఎర్రనేలదే పైచేయి!

మా ఊళ్ళో ముసలివాళ్ళు ఈ డిగ్రీలేవీ లేకుండానే లెక్క కట్టారు. "చిత్తలో పెట్టు, స్వాతిలో పెట్టు, విశాఖ దాటనియ్యకు" అనేది మా నాయనమ్మ. చిత్త కార్తె అక్టోబరు 10 దాటాక మొదలవుతుంది, విశాఖ కార్తె నవంబరు 19 ప్రాంతంలో అయిపోతుంది. మా ప్రొఫెసరు గారు తరగతిలో దక్కను పీఠభూమికి అనువైన నాటే కాలం బోర్డు మీద రాసినప్పుడు చూసుకుంటే నాయనమ్మ చెప్పిన రోజులే. దీని వెనక ఒక కారణం ఉంది. పండుగలు చంద్రుణ్ణి బట్టి వస్తాయి. 2023లో దీపావళి నవంబరు 12న వచ్చింది, 2025లో అక్టోబరు 20నే వచ్చేసింది. దీపావళికి నాటాలనుకుంటే మూడు వారాలు అటూ ఇటూ అయిపోతుంది. కార్తెలు సూర్యుణ్ణి బట్టి వస్తాయి, కాబట్టి ఏటా ఇంచుమించు అవే తేదీలు. చలి కూడా సూర్యుణ్ణి బట్టే కదా! బడి మెట్టు ఎక్కని నాయనమ్మ పంటకు సరైన క్యాలెండరునే పట్టుకుంది.

మరి ఇంత తెలిసిన ఇంట్లో నష్టం ఎలా జరిగింది?

మేము తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడు మా నాన్న ఎకరం పొలం కౌలుకు పట్టాడు. మాకు సొంత భూమి లేదు. పట్టాదారు వానాకాలం సోయా వేసుకున్నాడు. ఆ ఏడు చివరి వానలు ఆగక కోత ఆలస్యమైంది, పొలం మా చేతికి వచ్చేసరికి నవంబరు సగం దాటింది. ఇక విత్తనం. ఎకరానికి 8 నుంచి 10 క్వింటాళ్ళ గడ్డ కావాలి. ఈ పంటలో అన్నిటికంటే పెద్ద ఖర్చు అదే. కౌలు రైతుకు పాసుబుక్కు లేదు, పాసుబుక్కు లేనివాడికి బ్యాంకు లోను లేదు. విత్తనం అప్పుకు ఇచ్చే వ్యాపారి ముందు భూమి ఉన్నవాళ్ళకు ఇచ్చాడు, మాకు ఆఖరి లారీలోది ఇచ్చాడు. విత్తనం నేలలో పడేసరికి జ్యేష్ఠ కార్తె వచ్చింది. డిసెంబరు మొదటి వారం.

మొలక బాగా వచ్చింది. సంక్రాంతి సెలవుల్లో మేము ఇంటికి పోయేసరికి చేను మోకాలెత్తు పచ్చగా ఉంది, చూడముచ్చటగా ఉంది. మా నాన్న ఒక మొక్క మొదట్లో మట్టి తీసి చూపించాడు. తెల్లని తీగలున్నాయి, కొసకు శనగగింజంత ముడి. "ఆకు మీద ఉన్నంత పానం అడుగున లేదు బిడ్డా" అన్నాడు. బలం చాలలేదేమోనని ఇంకో బస్తా యూరియా తెచ్చి చల్లాడు. అదీ అప్పే. నత్రజని ఎక్కువైతే మొక్క ఆకు మీదికే పోతుందని, గడ్డ ఊరడం ఇంకా వెనకబడుతుందని మేము చదువుకున్నది ఎనిమిదేళ్ళ తర్వాత.

గడ్డ ఊరాల్సిన రోజులు ఫిబ్రవరిలో పడ్డాయి. ఫిబ్రవరిలో మా దగ్గర పగలు 30 దాటుతుంది, నేల కాగుతుంది, నెలాఖరుకు రాత్రి చలీ పోతుంది. మార్చిలో తవ్వితే గోలీకాయలంత గడ్డలు. ఎనిమిది క్వింటాళ్ళు వేస్తే పంతొమ్మిది క్వింటాళ్ళు తేలింది. అందులో సగం మార్కెట్లో ఎవరూ ముట్టలేదు. పక్క చేనాయన స్వాతిలో వేసినవాడు, అదే ఆగ్రా విత్తనం, అదే నేల, అదే నీళ్ళు, మంచి పంట తీశాడు. ఊళ్ళో కొందరు నాన్న చేతి వాసి మంచిది కాదన్నారు. దిష్టి అని అమ్మ నిమ్మకాయలు కట్టింది. ఆ అప్పు తీర్చడానికి నాన్న రెండేళ్ళు పటాన్‌చెరు వైపు కూలికి పోయాడు. పదో తరగతి పరీక్షలప్పుడు మమ్మల్ని చూడటానికి హాస్టలుకు వచ్చినప్పుడు కూడా ఆ ఫ్యాక్టరీ బట్టలతోనే వచ్చాడు. ఆ రోజు గేటు దగ్గర ఉన్న మిత్రులకు గుర్తుండే ఉంటుంది.

చాలా ఏళ్ళు మా నాన్న దాన్ని తన తప్పుగానే మోశాడు. పోయిన ఏడు సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు నోటుబుక్కులో గీత గీసి చూపించాం. ఇది రాత్రి వేడి, ఇది గడ్డ ఊరే కాలం, ఈ రెండూ ఎక్కడ తప్పిపోయాయో చూడు నాయినా అని. ఆయన చాలాసేపు చూసి, "అంటే యూరియా ఒక్కటే నా తప్పన్నట్టు" అన్నాడు. తర్వాత నవ్వాడు.

ఇప్పుడు కొత్త చిక్కు ఒకటి వచ్చింది. మన దేశపు సగటు ఉష్ణోగ్రత 1901 నుంచి 2018 లోపల సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని భారత ప్రభుత్వ భూవిజ్ఞాన శాఖ 2020లో వెలువరించిన నివేదికలో ఉంది. వినడానికి అరపూట జ్వరమంత కూడా కాదు. కానీ 20 డిగ్రీల గీత దగ్గర బతికే పంటకు అరడిగ్రీ అంటే కొన్ని రోజులు. చలి ఆలస్యంగా వచ్చి తొందరగా పోతే ముందూ వెనకా రెండు వైపులా కాలం తరుగుతుంది. సొంత భూమి, సొంత బోరు, చేతిలో డబ్బు ఉన్నవాడు ఆ మిగిలిన రోజుల్లోకి పంటను ఇమడ్చుకుంటాడు. పొలం కోసం ఒకరి దగ్గర, విత్తనం కోసం ఇంకొకరి దగ్గర నిలబడేవాడికి ఆ రోజులు ముందే అయిపోతాయి.

వేడిని ఓర్చుకునే రకాలు లేకపోలేదు. 2006లో విడుదలైన కుఫ్రీ సూర్య రాత్రులు కొంత వెచ్చగా ఉన్నా గడ్డ వేస్తుంది. ఆ తర్వాత కుఫ్రీ లీమా వచ్చింది. వరిగడ్డి లాంటివి కప్పితే నేల కొంచెం చల్లగా ఉంటుంది. బోదెలకు మట్టి బాగా ఎగదోస్తే గడ్డకు ఎండ తగలదు. తగిలితే పచ్చబడి చేదెక్కుతుంది, అలాంటిది తినకూడదు. ఇవన్నీ మంచివే. కానీ రకం పేరు పుస్తకంలో ఉండటం వేరు, దాని విత్తనం మా ఊరి ఆఖరి లారీలో ఉండటం వేరు.

మెస్సు సంగతి మధ్యలో వదిలేశాం. ఫిబ్రవరిలో తవ్వేసిన గడ్డ ఆగస్టులో మన పళ్ళెంలోకి ఎలా వస్తుంది? కోల్డ్ స్టోరేజీలో 2 నుంచి 4 డిగ్రీల చలిలో నిద్రపుచ్చి ఉంచుతారు. ఆ చలికి గడ్డలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. మేము ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు వానాకాలంలో కూర తియ్యగా ఉందని, చక్కెర డబ్బా ఒలకబోసిందని వంట అక్కతో పెద్ద గొడవ పెట్టుకున్నాం. వార్డెన్ సార్ దాకా పోయింది. అక్క తప్పేమీ లేదు. ఇప్పటికైనా ఈ సంచిక ముఖంగా అక్కకు క్షమాపణ చెప్పుకుంటున్నాం.

ఈ ఏడు మా నాన్న మళ్ళీ ఆలుగడ్డ వేద్దామనుకుంటున్నాడు. మేము ఒక గరిష్ఠ కనిష్ఠ ఉష్ణమాపకం కొని ఇంటి పంచలో కట్టి వచ్చాం. పొద్దున్నే అది చూసి ఫోను చేయడం ఆయనకు అలవాటైంది. ఈసారి పట్టాదారుకు ముందే షరతు పెట్టాడు. స్వాతి కార్తె పోకముందే పొలం ఖాళీ చేసి ఇస్తేనే కౌలు, లేకుంటే వద్దు, కూలికే పోతానని. ఈ వ్యాసం రాసే నాటికి పట్టాదారు దగ్గర నుంచి జవాబు రాలేదు. నిన్న రాత్రి మా పంచలో కనిష్ఠం 19 డిగ్రీలట.